కీ ఫార్వర్డ్ కావలెను: కొనాలా, పెంచాలా, ఉన్నవాణ్ణే మార్చాలా?

అక్టోబర్ మొదట్లో మెల్‌బోర్న్ ఆఫీసుల్లో పని అంతంతమాత్రంగా నడుస్తుంది. సెప్టెంబర్ చివర్లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ గ్రాండ్ ఫైనల్ అయిపోతుంది, ఆ వెనకే క్లబ్బులు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ పీరియడ్ వచ్చేస్తుంది. ఎవరు ఏ క్లబ్‌కి మారుతున్నారో చెప్పడానికి ట్రేడ్ రేడియో అని ఒకటుంటుంది. మా పక్క సీటాయన ఒక చెవి మీటింగుకి, ఇంకో చెవి ఆ రేడియోకి ఇస్తాడు. టీ దగ్గర తేలే ప్రశ్న మాత్రం ఏటా ఒకటే: ఈసారైనా మనకో కీ ఫార్వర్డ్, అంటే ముందు నిలబడి గోల్స్ కొట్టే పొడుగు ఆటగాడు, దొరుకుతాడా?

నాకైతే మా ఇంట్లో సంబంధాలు చూసిన రోజులు గుర్తొస్తాయి. ఎత్తుండాలి, నిలకడ ఉండాలి, ఆరోగ్యం బాగుండాలి, అడిగేది మన తాహతుకి మించకూడదు. ఇవన్నీ ఉన్నవాడు దొరకడు. దొరికినా, అప్పటికే పది ఇళ్ళవాళ్ళు కబురు పంపి ఉంటారు.

మేముండేది నగరానికి పడమటి వైపు, టార్నీట్‌లో. చుట్టుపక్కల తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. ఈ వైపు క్లబ్ అంటే ఫుట్‌స్క్రే నుంచి వచ్చిన వెస్టర్న్ బుల్‌డాగ్స్. పిల్లాణ్ణి ఆస్‌కిక్ అనే పిల్లల శిక్షణలో చేర్పించాక నేనూ ఆ జట్టు మనిషినయ్యాను. ఆ క్లబ్‌ని ఇక్కడ ముందుపెట్టడానికి అభిమానం ఒక్కటే కారణం కాదు. కీ ఫార్వర్డ్ కోసం ఒక క్లబ్ తొక్కగలిగిన దారులు దాదాపు అన్నీ బుల్‌డాగ్స్ తొక్కింది. వేరే క్లబ్ వదిలేసిన పెద్దవయసు వాణ్ణి తెచ్చుకుంది. కెప్టెన్ పోతుంటే బదులుగా ఒక కుర్రాణ్ణి తెచ్చుకుంది. డిఫెండర్‌ని ముందుకు జరిపింది. డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు ఒకదాని తర్వాత ఒకటి కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, మొదటి నంబరు వాడింది. పాత ఆటగాడి కొడుకునీ తీసుకుంది. ఏ దారి ఎంతకు పడుతుందో పోల్చాలంటే ఈ ఒక్క క్లబ్ చిట్టా చాలు. అవసరమైన చోట పక్క క్లబ్బుల్నీ పిలుద్దాం.

ఇంతకీ ఈ మనిషి పనేంటి

ఆట కొత్తవాళ్ళకి రెండు ముక్కలు. గ్రౌండు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, జట్టుకి 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి బంతిని కాలితో తంతే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1. గోల్‌కి 50 మీటర్ల దూరంలో ఒక వంపు గీత ఉంటుంది. దాని లోపలికి బంతి ఎగిరొచ్చినప్పుడు, నడుం మీద ఒకడు, భుజం మీద ఒకడు వేలాడుతుండగా గాల్లోకి లేచి రెండు చేతులతో పట్టేవాడే కీ ఫార్వర్డ్. ఆ పట్టుని మార్క్ అంటారు. పట్టాక ఎవరూ అడ్డం రాకూడదు, 30 సెకన్లు తీసుకుని నింపాదిగా గోల్‌కి కొట్టుకోవచ్చు. పట్టలేకపోయినా పర్వాలేదు. బంతిని కింద పడేయగలిగితే చాలు, కాళ్ళ దగ్గర తిరిగే పొట్టి ఫార్వర్డులు ఏరుకుంటారు.

సుమారు 195 సెంటీమీటర్ల ఎత్తు, పెనుగులాటలో తడబడని చేతులు, యాభై మీటర్లు తిన్నగా పోయే తన్ను, ఆపైన రెండు గంటలు పరిగెత్తే ఊపిరి. ఇవన్నీ ఒక ఒంట్లో ఉండటం అరుదు. అందుకే అంత రేటు.

వెతకడానికి ముందు క్లబ్ తనని తాను అడగాల్సింది ఇంకొకటుంది. బంతి ఆ గీత లోపలికి ఎన్నిసార్లు వెళ్తోంది, ఎలా వెళ్తోంది? దీన్ని ఇన్‌సైడ్ 50 లెక్క అంటారు. అదే తక్కువైతే లోటు మిడ్‌ఫీల్డ్‌లో ఉన్నట్టు, ఎంత గొప్ప ఫార్వర్డ్‌ని తెచ్చినా వాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. లెక్క బాగుండీ గోల్స్ రాకపోతే అప్పుడు మనిషి కోసం చూడాలి. అప్పుడు కూడా నాలుగు మ్యాచ్‌ల వీడియో వేసుకుని చూడండి. హడావిడిగా గాల్లోకి ఎత్తి కొట్టిన బంతి దిగేలోపు ముగ్గురు డిఫెండర్లు వచ్చి పిడికిలితో గుద్దిపడేస్తారు. ఆ తప్పు ఫార్వర్డ్‌ది కాదు.

పెద్ద పేరు కొనడం

2014 అక్టోబర్. బుల్‌డాగ్స్ కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ తనని జీడబ్ల్యూఎస్ జెయింట్స్‌కి పంపమన్నాడు. సరే, అయితే మీ టామ్ బోయ్డ్‌ని ఇవ్వండి అంది బుల్‌డాగ్స్. బోయ్డ్ 2013 డ్రాఫ్ట్‌లో మొదటి నంబరు, అప్పటికి ఆడినవి 9 మ్యాచ్‌లు, వయసు 19. చివరికి గ్రిఫెన్‌తో పాటు 6వ పిక్ (డ్రాఫ్ట్‌లో ఆరో ఎంపిక హక్కు) కూడా ఇచ్చి బోయ్డ్‌ని తెచ్చుకున్నారు. ఏడేళ్ళ కాంట్రాక్ట్, 70 లక్షల డాలర్ల దాకా అని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. ఊరంతా నవ్వింది.

2016 గ్రాండ్ ఫైనల్, ప్రత్యర్థి సిడ్నీ. సిడ్నీ ఫార్వర్డ్ లాన్స్ ఫ్రాంక్లిన్, బడ్డీ అంటే అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళకు కోటి డాలర్లన్న ఒప్పందంతో 2013 చివర్లో హాథార్న్ నుంచి వచ్చినవాడు. ఆఖరి క్వార్టర్‌లో బడ్డీ చేతిలో బంతి ఉండగా వెనకనుంచి డేల్ మోరిస్ వచ్చి చుట్టేశాడు. బంతి జారి బోయ్డ్ ముందు పడింది. గోల్ ఎక్కడో దూరంగా ఉంది, ఆయన తలెత్తి ఒక్క తన్ను తన్నాడు. బంతి నేలమీద పడి, ఎగిరి, పక్కకి తిరుగుతుందేమో అని అందరూ ఊపిరి బిగబడితే, తిరక్కుండా మధ్యలోంచి దొర్లుకుంటూ పోయింది. ఆ రోజు ఆయనకు మూడు గోల్స్. 62 ఏళ్ళ తర్వాత బుల్‌డాగ్స్‌కి ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ కప్పు.

కథ అక్కడితో ఆగితే నేనూ కళ్ళు మూసుకుని పెద్ద పేరునే కొనమని చెప్పేవాణ్ణి. 2019లో, 23 ఏళ్ళకే, కాంట్రాక్ట్ ఇంకా మిగిలి ఉండగానే బోయ్డ్ ఆట మానేశాడు. ఆ ధర మోస్తూ ఆడటం మనసు మీద ఎంత బరువు వేసిందో తర్వాత తనే దాపరికం లేకుండా చెప్పాడు. 19 ఏళ్ళ పిల్లాడి నెత్తిన ఏడేళ్ళ జీతం అంకె అతికించి, ప్రతి శనివారం లక్ష కళ్ళతో తూకం వేస్తే ఎవడికైనా టెన్షన్ రాదా? ఈ ఖర్చు ఏ క్లబ్ ఖాతాలోనూ కనపడదు.

మరి బడ్డీ? సిడ్నీ ఆయనతో 2014, 2016, 2022 గ్రాండ్ ఫైనల్స్ ఆడింది. మూడూ ఓడింది. 2014లో ఓడించింది ఆయన వదిలొచ్చిన హాథార్న్, పైగా వాళ్ళు 2015లో కూడా గెలిచారు. అలాగని సిడ్నీ నష్టపోయిందనలేం. రగ్బీ ఊరైన సిడ్నీలో జనాన్ని స్టేడియంకి రప్పించాడు. 2022 మార్చిలో ఆయన వెయ్యో గోల్ కొట్టిన రాత్రి గ్రౌండులోకి జనం కట్టలు తెగినట్టు పరిగెత్తారు. టికెట్లు, సభ్యత్వాలు లెక్కేస్తే ఆ కోటి ఎప్పుడో తిరిగొచ్చి ఉంటుంది. కప్పు కోసం కొన్నారా, జనం కోసం కొన్నారా అన్నది ముందే తేల్చుకుంటే తర్వాత ఏడుపు ఉండదు.

పెద్ద పేరు కొని కప్పు కొట్టినవాళ్ళూ ఉన్నారు. రిచ్‌మండ్ 2018 చివర్లో గోల్డ్ కోస్ట్ నుంచి టామ్ లించ్‌ని తెచ్చుకుని 2019, 2020 రెండేళ్ళూ గెలిచింది. జీలాంగ్ 2020 చివర్లో 13, 15, 20 నంబరు పిక్‌లు ఇచ్చి జెరెమీ కామెరాన్‌ని తెచ్చుకుంది, 2022లో గెలిచింది. బ్రిస్బేన్ 2020 చివర్లో కాంట్రాక్ట్ ముగిసిన జో డానిహర్‌ని ఫ్రీ ఏజెంట్‌గా తీసుకుని 2024లో గెలిచింది. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. రిచ్‌మండ్ అప్పటికే 2017 విజేత. జీలాంగ్ 2020 గ్రాండ్ ఫైనల్ ఆడి ఓడింది. బ్రిస్బేన్ అదే ఏడాది ప్రిలిమినరీ ఫైనల్ (గ్రాండ్ ఫైనల్‌కి ముందు మెట్టు) దాకా వచ్చింది. అంటే ఇల్లు కట్టేశారు, గుమ్మానికి తలుపు మాత్రం కొన్నారు. అందుకే నా కొలత ఇది: కొనబోయేవాడు లేకుండానే ప్రిలిమినరీ ఫైనల్ దాకా వెళ్ళగల జట్టైతే పెద్ద పేరు కొనండి. పద్నాలుగో స్థానంలో ఉన్న జట్టు కొంటే అది పొరుగింటి పుల్లకూర.

ఫ్రీ ఏజెన్సీ గురించి ఒక మాట. అలా వచ్చినవాడికి తీసుకునే క్లబ్ మామూలుగా పిక్‌లు ఇవ్వక్కర్లేదు, పోగొట్టుకున్న క్లబ్‌కి లీగే పరిహారం పిక్ ఇస్తుంది. లించ్‌కి గోల్డ్ కోస్ట్‌కి 3వ పిక్ వచ్చింది. 2025 చివర్లో ఆస్కర్ అలెన్ బ్రిస్బేన్‌కి వెళ్తే వెస్ట్ కోస్ట్‌కి 2వ పిక్ వచ్చింది. వినడానికి ఊరికే వచ్చినట్టు ఉంటుంది కానీ జీతాల మొత్తానికి లీగ్ పరిమితి పెట్టింది కదా. ఒక్కడికి దండిగా ఇస్తే బెంచీ మీది నలుగురికి కోత పడుతుంది. అలాగే, ఎనిమిదేళ్ళు నిండిన ఖరీదైన ఆటగాడైతే పాత క్లబ్ ఆ జీతం మేమూ ఇస్తాం అని అడ్డుపడొచ్చు. కామెరాన్ విషయంలో జీడబ్ల్యూఎస్ చేసింది అదే. అందుకే జీలాంగ్ మూడు పిక్‌లు వదులుకోవాల్సి వచ్చింది.

వేరేవాళ్ళు వదిలేసినవాడు

నన్నడిగితే ఎక్కువ క్లబ్బులు ముందు చూడాల్సిన వరస ఇదే. కానీ అభిమానులకి ఇది నచ్చదు, పేపర్లో పెద్ద హెడ్డింగు రాదు.

జెస్సీ హోగన్‌ని చూడండి. మెల్‌బోర్న్ క్లబ్‌లో కుర్రాడిగా మెరిశాడు. తర్వాత క్యాన్సర్, తండ్రి మరణం, పాదం దెబ్బ. ఫ్రిమాంటిల్‌కి వెళ్తే అక్కడా కుదరలేదు. 2020 చివర్లో జీడబ్ల్యూఎస్ ఆయన్ని 54వ పిక్ ఇచ్చి తెచ్చుకుంది. అదే వారాల్లో వాళ్ళు పోగొట్టుకున్నది కామెరాన్‌ని. మూడు మొదటి వరస పిక్‌లకు ఒకడు పోయాడు, చిల్లర పిక్‌కి ఒకడు వచ్చాడు. 2024లో లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే కోల్‌మన్ మెడల్ ఆ చిల్లర పిక్‌వాడిది.

బుల్‌డాగ్స్‌కి ఈ విద్య ముందే తెలుసు. సిడ్నీ వదిలిన బ్యారీ హాల్‌ని 32 ఏళ్ళ వయసులో తెచ్చుకుంటే 2010లో 80 గోల్స్ కొట్టాడు. ఫలితం? ప్రిలిమినరీ ఫైనల్‌లో ఓటమి. ఇలాంటి వయసువాడు ఒకటి రెండేళ్ళ సరుకు, ఆ లోపు పని అవ్వాలి. తర్వాత సెయింట్ కిల్డా నుంచి జాష్ బ్రూస్ వచ్చాడు. 2021 గుడ్ ఫ్రైడే రోజు నార్త్ మెల్‌బోర్న్ మీద ఒక్కడే 10 గోల్స్. ఫైనల్స్ ముందు మోకాలు పోయింది. ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్‌లో మా వైపు బ్రూస్ లేడు, అవతల మెల్‌బోర్న్ వైపు బెన్ బ్రౌన్ ఉన్నాడు. నార్త్ మెల్‌బోర్న్ అక్కర్లేదనుకుని పంపేసినవాడు, ఆ రోజు మూడు గోల్స్ కొట్టాడు. నేను టీవీ ముందునుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇలాంటివాణ్ణి తీసుకునేటప్పుడు ధర ఎందుకు పడిందన్నది పట్టుకోవాలి. కోచ్‌తో పడక పడిందా, పక్కన ఇంకో ఎత్తరి లేక ప్రతిసారీ ఇద్దరు డిఫెండర్లతో పోరాడి అలిసిపోయాడా, లేక కాళ్ళే సహకరించడం లేదా? మొదటి రెండూ ఊరు మారితే బాగవుతాయి. మూడోది మారదు. వయసు 25 నుంచి 28 మధ్య ఉంటే ఇంకా మంచిది. గోల్స్ సంఖ్య ఒక్కటే చూడకండి. వానలో, బంతి సబ్బుబిళ్ళలా జారుతున్న జూలై మ్యాచ్‌ల్లో పెనుగులాడి పట్టిన మార్క్‌లెన్ని, పట్టలేనప్పుడు బంతి వెనక పరిగెత్తాడా లేక చేతులు చాచి అంపైర్ వైపు చూశాడా అన్నది చూడండి.

డ్రాఫ్ట్‌లో పెంచడం

నవంబర్‌లో డ్రాఫ్ట్. 18 ఏళ్ళ పిల్లలు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టు, ఎంపికైన రోజే పిల్లాడికి పాత వీరుల పేర్లు తగిలిస్తారు.

మిడ్‌ఫీల్డర్ రెండో ఏడే ఆడేస్తాడు. కీ ఫార్వర్డ్‌కి ఒళ్ళు నిండాలి. తొంభై, వంద కిలోల మగాళ్ళు మీదపడుతుంటే నిలబడాలి. మూడు నాలుగేళ్ళు మామూలుగా పడుతుంది. ఆ లోగా కోచ్ ఉద్యోగం ఉంటుందా అన్నది వేరే సంగతి.

మొదటి నంబరు ఇచ్చి తీసుకుంటే గ్యారంటీ అనుకునేవాళ్ళకి సెయింట్ కిల్డాని చూపించాలి. 2014లో నిక్ రీవోల్ట్‌కి వారసుడు కావాలని మొదటి పిక్‌తో ప్యాడీ మెకార్టిన్‌ని తీసుకున్నారు. రెండో పిక్‌తో మెల్‌బోర్న్ తీసుకున్న మిడ్‌ఫీల్డర్ క్రిస్టియన్ పెట్రాకా 2021 గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడు. మెకార్టిన్‌కి తలకి దెబ్బ మీద దెబ్బ తగిలి, సెయింట్ కిల్డాలో కుదరక, సిడ్నీలో డిఫెండర్‌గా మళ్ళీ నిలబడి, చివరికి 2023లో ఆ తల దెబ్బల వల్లే ఆట వదిలేశాడు. ఆయన తప్పేం లేదు. లోటున్న చోటికే పెద్ద పిక్ పెట్టాలన్న ఆత్రం క్లబ్‌ది. మా బుల్‌డాగ్స్ కూడా 2020లో మొదటి నంబరుతో తమ అకాడమీ కుర్రాడు జమారా ఊగల్-హేగన్‌ని తీసుకుంది. 2025లో వ్యక్తిగత కారణాలతో సీనియర్ జట్టుకి ఆడలేదు, ఆ ఏడాది చివర్లో గోల్డ్ కోస్ట్‌కి మారాడు.

ఇంకోపక్క చూస్తే, 2023లో 71 గోల్స్ కొట్టిన నార్త్ మెల్‌బోర్న్ నిక్ లార్కీ 2016 డ్రాఫ్ట్‌లో 73వ నంబరు. బెన్ బ్రౌన్ 47. డానిహర్ 2024 కప్పు ఎత్తగానే రిటైరైతే బ్రిస్బేన్ కంగారుపడలేదు. 2023లో 31వ నంబరుతో తీసుకున్న లోగన్ మోరిస్ ఉన్నాడు, 2025లోనూ గెలిచారు. కాబట్టి డ్రాఫ్ట్ దారి పట్టేవాళ్ళు ఒక్కణ్ణి మొదటి పిక్‌తో తీసుకుని పూజలు చేసేకంటే, మధ్య పిక్‌లతో ఇద్దర్ని తీసుకోవడం మేలని నా లెక్క. కార్ల్టన్ 2015లో 10వ పిక్‌తో హ్యారీ మెకేని, 12వ పిక్‌తో చార్లీ కర్నోని తీసుకుంది. 2021లో కోల్‌మన్ మెడల్ మెకేది, తర్వాత రెండేళ్ళూ కర్నోది. ఆ కర్నో కూడా మధ్యలో మోకాళ్ళ వల్ల దాదాపు రెండు సీజన్లు పోగొట్టుకున్నాడు, క్లబ్ ఓపిక పట్టింది. అంతా చేసి 2025 చివర్లో ఆయన సిడ్నీకి వెళ్ళిపోయాడనుకోండి. పెంచినవాడు మన దగ్గరే ఉంటాడని రాసి ఎవరూ ఇవ్వరు.

తండ్రి అదే క్లబ్‌కి 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకుని తీసుకోవడంలో ఆ క్లబ్‌కే ముందు హక్కు. జీలాంగ్ ఇలాగే 2006లో 41వ పిక్‌తో టామ్ హాకిన్స్‌ని తెచ్చుకుంది. దాదాపు 800 గోల్స్, మూడు కప్పులు. ఇంత చవగ్గా పోయిందేంటని మిగతా క్లబ్బులు గోల పెట్టాక రూల్ బిగించారు. అందుకే 2021లో 208 సెంటీమీటర్ల సామ్ డార్సీ కోసం బుల్‌డాగ్స్ 2వ పిక్ స్థాయి ధర కట్టాల్సి వచ్చింది. ఇది ఎంచుకునే దారి కాదు, పుట్టుకతో వచ్చే అదృష్టం. వస్తే వదలొద్దు.

ఇంట్లో ఉన్నవాణ్ణి మార్చడం

ఆరన్ నాటన్ 2018లో బుల్‌డాగ్స్‌కి డిఫెండర్‌గా మొదలుపెట్టాడు. మరుసటేడు ముందుకు జరిపారు, అప్పట్నుంచీ గాల్లోనే ఉంటాడు. బంతి ఎక్కడ దిగుతుందో చదవడం డిఫెండర్ పనే కాబట్టి ఆ కళ్ళు ముందు కూడా పనికొస్తాయి. కాలింగ్‌వుడ్ పోర్ట్ మెల్‌బోర్న్ నుంచి రూకీ డ్రాఫ్ట్‌లో బ్రోడీ మిహోచెక్‌ని తీసుకుంది. అక్కడ డిఫెండర్, కాలింగ్‌వుడ్‌లో 2025 దాకా ఏళ్ళ తరబడి ప్రధాన ఫార్వర్డ్‌గా ఆడాడు, 2023 విజేత. 2023లో అదే జట్టు కెప్టెన్‌గా ఉన్న డార్సీ మూర్ సరిగ్గా తిరగేసి: ఫార్వర్డ్‌గా మొదలై డిఫెండర్ అయ్యాడు. ఖర్చు సున్నా. ప్రయత్నించి చూడటానికి ప్రీ-సీజన్‌లో రెండు నెలలు చాలు. కుదరకపోతే వెనక్కి పంపొచ్చు. ఒకే షరతు, వెనక ఆ స్థానం ఖాళీ అయితే ఎవరు చూసుకుంటారో ముందు తేల్చుకోవాలి.

అసలు రెండో ఎత్తరి లేకుండానే ఆడొచ్చని 2017లో రిచ్‌మండ్ చూపించింది. టై విక్రీ హాథార్న్‌కి వెళ్ళిపోతే ఆ జాగాలో ఎవర్నీ తేలేదు. జాక్ రీవోల్ట్ ఒక్కడే పొడుగు, చుట్టూ చీమల్లా పొట్టివాళ్ళు. బంతి నేలమీద పడటమే వాళ్ళకి కావాలి. 37 ఏళ్ళ కరువు తీరింది. మరుసటేడు ప్రిలిమినరీ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు, 211 సెంటీమీటర్ల మేసన్ కాక్స్ తలల పైనుంచి పట్టుకుంటూ పోతే రిచ్‌మండే ఓడింది. అదే అక్టోబర్‌లో లించ్‌ని తెచ్చుకున్నారు.

మరి ఎవరు ఏం చేయాలి

కింది నుంచి కట్టుకొస్తున్న క్లబ్ అయితే: మధ్య పిక్‌లతో ఇద్దరు పొడుగు కుర్రాళ్ళు, వాళ్ళ మీద దెబ్బలు పడకుండా ముందు నిలబడటానికి ముప్ఫై దాటిన ఒక ఫార్వర్డ్. పెద్ద పేరు జోలికి వెళ్ళొద్దు.

ఏడు నుంచి పది స్థానాల మధ్య ఏళ్ళ తరబడి ఊగుతున్న క్లబ్ అయితే: ముందు డిఫెండర్లలో ఒకణ్ణి ముందుకు జరిపి చూడండి. అది తేలకపోతే హోగన్ లాంటి పడిపోయిన ధర. మొదటి పిక్ మాత్రం చేతిలోనే ఉంచుకోండి.

ప్రిలిమినరీ ఫైనల్‌లో ఆగిపోతున్న క్లబ్ అయితే: కొనండి. వీలైతే ఫ్రీ ఏజెంట్‌ని, లేదంటే పిక్‌లిచ్చి. జట్టు నడుము లాంటి మిడ్‌ఫీల్డర్‌ని మాత్రం బదులివ్వొద్దు.

బోయ్డ్ ట్రేడ్ ఈ మూడు సలహాల్లో దేనికీ లొంగదు. 2014లో బుల్‌డాగ్స్ కింది సగంలో ఉంది, కెప్టెన్ పోయాడు, మంచి పిక్ పోయింది, వచ్చినవాడికి 19 ఏళ్ళు. నా కొలతల ప్రకారం చేయకూడని పనులన్నీ అందులో ఉన్నాయి. అయినా ఆ బంతి దొర్లుకుంటూ పోయిన వీడియో మా పిల్లాడికి ఎన్నిసార్లు చూపించానో. వాడు మాత్రం ఆస్‌కిక్‌లో మోరిస్‌లా వెనకనుంచి చుట్టేయడమే ఇష్టమంటాడు.